నాన్న నోటుబుక్కుల్లో అమ్మ లేదు, ఏం చెయ్యమంటారు?

గోగునార
మా నాన్న విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో స్పిన్నింగ్ డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యారు. కరోనా రోజుల్లో ఏమీ తోచక తన జీవితం నోటుబుక్కుల్లో రాయడం మొదలుపెట్టారు. ఇప్పుడు నేను టైపు చేస్తున్నాను. మిల్లు గురించి ఎంత బాగా రాశారో చెప్పలేను. నార మెత్తబడడానికి కొట్టే నూనె వాసన, నార దువ్వే కార్డింగులో లేచే దుమ్ము, దారం తెగితే పరిగెత్తి ముడి వెయ్యడం, జీతం రోజున గేటు బయట నిలబడే అప్పులవాళ్లు, అన్నీ ఉన్నాయి.

బాల్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యం. "అయిదుతో సదువు ఒగ్గీసి, కొన్నాళ్లకి మిల్లులో బదిలీగా చేరాను." బదిలీ అంటే రానివాళ్ల బదులు పనిచేసే మనిషి. అంతే. మా నానమ్మ పేరు ఒక్కచోట వచ్చింది. మా అమ్మ పేరు అసలు రాలేదు. "ఇంటిది" అని అక్కడక్కడా ఉంది. యాజమాన్యం మిల్లు మూసేసి లాకౌట్ పెట్టినప్పుడు అడ్డాకుల విస్తర్లు కుట్టి ఇల్లు నడిపింది ఆ ఇంటిదే. ఆ నెలల గురించి నాన్న రాసిందంతా గేటు మీటింగులు, ఊరేగింపులు, యూనియన్ నాయకుల మాటలు. ఆ రోజుల్లో మేం ఏం తిన్నామో, ఎక్కడ నుంచి వచ్చిందో ఒక్క ముక్క లేదు.

టైపు చేస్తూ నేను అవి చేర్చొచ్చా? అక్క ఒప్పుకోవడం లేదు, ఆయన రాసింది ముట్టుకోకు అంటోంది.

ఇంకో బాధ కూడా ఉంది. నేను చదివిన ఆత్మకథల్లో పేదరికం మొదటి అధ్యాయంలో ఉంటుంది. రెండో అధ్యాయంలో స్కాలర్‌షిప్పు, మూడో దాంట్లో ఉద్యోగం. మిల్లులో చేరి మిల్లులోనే రిటైరైన మనిషి కథ ఎక్కడా దొరకలేదు.

సాలూరు_ఘాటు
అక్క చెప్పిందే రైటు. ముట్టుకోవద్దు.

నాగావళి_గట్టు
నేనూ అదే అంటాను. ఒక కార్మికుడు సొంత చేతిరాతతో జీవితం రాసుకోవడమే అరుదు. మన జిల్లాల వాళ్ల ఆత్మకథ అనగానే ఆదిభట్ల నారాయణదాసు గారి 'నా ఎరుక' గుర్తొస్తుంది. అది మహా పండితుడి కథ. స్పిన్నింగ్‌లో పనిచేసిన మనిషి రాసినప్పుడు ఆయన వదిలేసినవి కూడా ఆయన చరిత్రే. నువ్వు పూరిస్తే అది నీ పుస్తకం అయిపోతుంది తమ్ముడూ.

పలాస_పిల్ల
మరి అమ్మ చరిత్ర ఎవరిది? ఆయన వదిలేశారు, మీరందరూ ముట్టుకోవద్దంటున్నారు. ఇలాగే కదా ఎప్పుడూ పోయేది.

మా అమ్మ జీడి బట్టీలో పిక్కలు కొట్టేది. కాల్చిన పిక్క పగలగొడితే వచ్చే నూనె చేతులకి అంటుకుని తోలు ఊడిపోయేది. ఆముదం రాసుకున్నా, బూడిద రాసుకున్నా వేళ్ల కొసలు నల్లగానే ఉండేవి. ఆ చేత్తో అన్నం కలిపి పెట్టాలంటే ముందు చాలాసేపు కడుక్కునేది. కిలోల లెక్కన కూలి. పప్పు విరిగితే తిట్లు. బడి నుంచి వచ్చాక నేనూ అక్కడే కూర్చుని పప్పుకి పొట్టు తీసేదాన్ని. నేను తీసిన పప్పు అమ్మ తూకంలోనే కలిసేది, నా పేరు ఎక్కడా ఉండేది కాదు.

రేపు మా అన్నయ్య ఆత్మకథ రాస్తే "మా అమ్మ త్యాగమూర్తి, కష్టపడి మమ్మల్ని చదివించింది" అని ఒక పేరా రాస్తాడు. నాకు ఖాయంగా తెలుసు. త్యాగం అనేస్తే కిలోకి ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలు కూర్చుంది, పప్పు విరిగితే ఎంత కోశారు అని ఎవరూ అడగరు. ఆవిడ చేసింది పని. పని అనే రాయాలి.

రాజాం_కుర్రోడు
పై పోస్టుకి వంద లైకులు.

లైబ్రరీ_బెంచీ
గోగునార గారి బాధ కొత్తది కాదు. ఇంగ్లండులో ఇదే విషయం మీద పెద్ద పరిశోధన జరిగింది. జేన్ హంఫ్రీస్ అనే చరిత్రకారిణి పారిశ్రామిక విప్లవ కాలపు కార్మికుల ఆత్మకథలు 600కి పైగా చదివి 2010లో పుస్తకం తెచ్చింది. పిల్లలు ఏ వయసులో పనిలోకి వెళ్లారు, ఎవరు పెట్టించారు, ఇంట్లో తండ్రి ఉన్నాడా లేడా అన్నీ వాటిలోంచే తీసింది. తండ్రి లేని ఇళ్లు బోలెడు. చనిపోయినవాళ్లు, సైన్యంలోకో సముద్రం మీదికో పోయినవాళ్లు, ఇల్లు వదిలేసి వెళ్లిపోయినవాళ్లు. ఆ ఇళ్లలో తల్లికి చేదోడుగా ఉండాలని పసివాళ్లు పనిలోకి దిగారు.

ఆవిడ తీసుకున్న ఆత్మకథలన్నీ మగవాళ్లు రాసినవే. ఆ కాలంలో కార్మిక స్త్రీలు రాసినవి చాలా తక్కువ. కాబట్టి అక్కడా తల్లి కొడుకు కళ్లలోంచే కనిపిస్తుంది.

గోగునార
బెంచీ గారూ, అక్కడ జూట్ మిల్లుల వాళ్లు రాసినవి ఏమైనా ఉన్నాయా?

లైబ్రరీ_బెంచీ
జూట్ అంటే స్కాట్లండులో డండీ ఊరు. బెంగాల్ నార ఓడల్లో అక్కడికి వెళ్లేది. గట్టి నార మరల మీద వడకడానికి మొదట్లో తిమింగలం నూనె, నీళ్లు కలిపి మెత్తబరిచేవారు. మీ నాన్నగారు రాసిన నూనె వాసనకి మూలం అదే. మన దేశంలో తొలి జూట్ మిల్లు 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో వచ్చింది. తర్వాత ఇక్కడి మిల్లులకి మరలు కూడా డండీ నుంచి వచ్చాయి.

అక్కడి ఇళ్ల సంగతి మీకు పనికొస్తుంది. డండీ మిల్లుల్లో ఆడవాళ్లే ఎక్కువ. మగపిల్లాడు పెద్దవాడై పెద్ద జీతం అడిగే వయసుకి వచ్చేసరికి పనిలోంచి తీసేసేవారు. చాలా ఇళ్లలో భార్య మిల్లుకి వెళ్తే భర్త పొయ్యి వెలిగించి పిల్లల్ని చూసేవాడు. పిల్లలు సగం రోజు బడి, సగం రోజు మిల్లు. బ్రిటన్‌లో 1844 ఫ్యాక్టరీ చట్టమే ఎనిమిదేళ్ల పిల్లల్ని ఆ పద్ధతిలో మిల్లులోకి రానిచ్చింది. అదే నార, అదే మర. ఇల్లు నడిచిన తీరు మాత్రం పూర్తిగా వేరు. కాబట్టి ఇంట్లో ఎవరు ఏం చేశారన్నది రాయకుండా మిల్లు చరిత్ర పూర్తవదు.

సాలూరు_ఘాటు
మగాళ్లు పొయ్యి వెలిగించడం మా మామయ్యకి చూపించాలి 😀

నా సంగతి చెప్తాను. మా సాలూరులో లారీలే బతుకు. నేను చిన్నప్పుడే క్లీనరుగా ఎక్కాను. కొరాపుట్, జగదల్‌పూర్, రాయపూర్. ఘాటు రోడ్డు, అంటే కొండదారి, ఎక్కేటప్పుడు వెనక చక్రం కింద పెట్టడానికి చెక్క మొద్దు పట్టుకుని లారీ వెంట నడిచేవాణ్ణి. బండి ఆగితే చాలు, మొద్దు పెట్టాలి. రాత్రి, వాన, ఏదైనా సరే. జీతం లేదు, తిండి, అప్పుడప్పుడు డ్రైవరు ఇచ్చే బేటాలో కొంత. దాన్ని నేను కష్టం అనుకోలేదు. ఊళ్లు చూస్తున్నానని సంతోషంగా ఉండేది. ఇప్పుడు మా అబ్బాయికి చెప్తే "పాపం నాన్నా" అంటాడు. ఆ పాపం నాకు అక్కర్లేదు. నాకు ఆ రోజులు ఇష్టం. ఆత్మకథల్లో ఈ ఇష్టం కూడా ఉండాలి కదా? అన్నీ కన్నీళ్లే ఎందుకు?

పలాస_పిల్ల
ఘాటు అన్నా, మీ ఇష్టం మీది, నేను కాదనను. ఆ వయసు ఆడపిల్ల అయితే లారీ ఎక్కనిస్తారా? చెల్లిని ఎత్తుకుని ఇంట్లో ఉండమంటారు. ఊళ్లు చూసిన సంతోషం మీకు దొరికింది. మీ అప్పకి, అదే మీ అక్కకి, ఏం దొరికిందో ఎప్పుడైనా అడిగారా?

సాలూరు_ఘాటు
మా అప్ప మూడులో బడి మానేసింది. మా తమ్ముణ్ణి పెంచడానికి. అడగలేదు.

పొందూరు_నూలు
మా ఇంట్లో నాలుగు తరాలు నూలు వడికారు. మా ఊరి సన్న నూలుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. పళ్లున్న ఆ దవడ ఎముక దువ్వెనలా పనిచేసి పత్తిలో నలుసు తీసేస్తుంది. బయటివాళ్లు ఫోటోలు తీసి గొప్పగా రాస్తారు. ఆ దువ్వే పని ఎక్కువగా ఆడవాళ్లదీ ముసలమ్మలదీ. గింజలు ఏరడం పిల్లలది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చేసిన పని అదే. ఖద్దరు గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా గాంధీగారి పేరు ఉంటుంది, నేతగాడి పేరు ఉంటుంది. వడికిన ముసలమ్మ పేరు ఉండదు. గోగునార గారు చెప్పింది అందుకే నాకు బాగా తగిలింది.

కళ్లజోడు లేకుండా సన్న నూలు తీయడం మా మామ్మకి చివరిదాకా సాగింది. ఆవిడకి అక్షరం రాదు. ఆవిడ ఆత్మకథ ఎవరు రాయాలి చెప్పండి?

నాగావళి_గట్టు
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. నేను అమ్మ గురించి రాయొద్దనలేదు. నాన్న పుస్తకంలో దూర్చొద్దన్నాను. ఆయన గేటు మీటింగు గురించి రాశారంటే ఆయన మనసులో ఆ నెలలు గేటు దగ్గరే ఉన్నాయి. దాన్ని మనం దిద్దకూడదు. అమ్మది విడిగా రాయాలి. రెండూ పక్కపక్కన పెట్టు. చదివేవాడికి తెలుస్తుంది.

తోటపల్లి_కాలవ
గట్టు గారితో ఏకీభవిస్తున్నాను. ఒక చిన్న సలహా. ఫోన్‌లో రికార్డు చెయ్యండి. "అప్పుడు మీకు ఎలా అనిపించింది" అని అడగొద్దు. మన పెద్దాళ్లు "ఏటనిపిస్తది, బతికాం" అని ముగించేస్తారు. వస్తువుల గురించి అడగండి. మిల్లుకి అన్నం దేంట్లో వెళ్లేది? ఆ గిన్నె ఎవరు కొన్నారు? బియ్యం అయిపోతే ముందు ఎవరింటికి వెళ్లేవారు? మా తాత గరివిడి వైపు మాంగనీసు గనుల్లో పనిచేశాడు. ఏమడిగినా పలికేవాడు కాదు. ఒకరోజు పాత తట్ట చూపించి ఇదేంటి తాతా అంటే సాయంత్రం దాకా మాట్లాడాడు. మా మామ్మా అదే గనిలో తట్ట మోసిందని అప్పుడే తెలిసింది. మా నాన్నకి కూడా తెలీదు ఆ సంగతి!

మూడో_మెట్టు
వయసు సంగతి కూడా అడగండి. అప్పట్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల్ని పెట్టుకోకూడదు. 14 నుంచి 18 వరకు డాక్టరు సర్టిఫికెట్ ఉండాల్సి వచ్చేది. బడి సర్టిఫికెట్ లేని వాళ్లకి డాక్టరు చూసి వేసిన వయసే వయసు. మా నాన్నకి అలా ఎక్కువ వేయించి చేర్చారు. దాని వల్ల నిజం వయసు కంటే ముందే రిటైరయ్యాడు. అంత సర్వీసు పోయింది, పెన్షన్ తగ్గింది. ఒక పసివాడు పనిలో దూరడానికి చెప్పిన అబద్ధానికి ముసలితనంలో డబ్బు కట్టాడు. ఇలాంటివి కాగితాల్లో దొరకవు, మనుషులు చెప్తేనే తెలుస్తాయి.

రాజాం_కుర్రోడు
మా నాన్నకీ అంతే!! ఆధార్‌లో ఒకటి, పీఎఫ్‌లో ఒకటి, మా మామ్మ చెప్పేది ఇంకొకటి. మామ్మ లెక్క "పెద్ద గాలివాన వచ్చిన ఏడు".

కళింగపట్నం_గాలి
మాది మత్స్యకార కుటుంబం. మా ఇంట్లో నాన్న బాల్యానికీ నా బాల్యానికీ తేడా ఏంటంటే, ఆయన తండ్రి పక్కన తెప్ప మీద వేట నేర్చుకున్నాడు. నాకు తండ్రి పక్కన లేడు. గుజరాత్ వెరావల్‌లో బోటు మీద ఉండేవాడు. వానాకాలంలో వెళ్తే వేసవికి వచ్చేవాడు. ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ నెలల్లో ఇంట్లో ఉండేవాడు. నాకు నాన్న అంటే మామిడిపళ్ల కాలం. ఊరి మగాళ్లంతా ఒక్కసారే వెళ్లేవారు, తండేలు, అంటే బోటు నాయకుడు, ఎవరైతే ఆ బోటుకి అతని చుట్టాలే ఎక్కేవారు. బడిలో పేరెంట్స్ మీటింగుకి అందరి అమ్మలే.

2018 నవంబరులో మన వైపు వాళ్లని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వదిలారు. ఆ మధ్యకాలమంతా వాళ్ల భార్యలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. టీవీల్లో వచ్చింది సముద్రం, జైలు. పిల్లల ఫీజులు ఎవరు కట్టారు, వెళ్లేముందు తీసుకున్న అడ్వాన్సు ఎలా తీర్చారు అన్నది రాలేదు. ఎవరైనా పుస్తకం రాస్తే అక్కడి నుంచి మొదలుపెట్టాలి అంటాను నేను.

పలాస_పిల్ల
గాలి గారూ, మీరు రాయండి. నిజంగా అడుగుతున్నాను.

కళింగపట్నం_గాలి
మా అమ్మ ఒప్పుకుంటే రాస్తా. అప్పుల సంగతి బయటికి రాకూడదు అంటుంది.

ఉద్దానం_కొబ్బరి
మా తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లాడు. బియ్యం మిల్లులో కూలి. 1942లో జపానువాళ్లు వచ్చినప్పుడు అడవుల్లో నడిచి తిరిగొచ్చిన వాళ్లలో ఒకడు. ఈ కథ మా ఇంట్లో ప్రతి పెళ్లికీ చెప్తారు. అంతకాలం ఉత్తరం ముక్క కూడా లేక ఇక్కడ మా తాతమ్మ ఏం చేసిందో ఒక్కరూ చెప్పరు. బొట్టు తీసెయ్యమని ఊళ్లో అన్నారట, ఆవిడ తీయలేదట. ఇంతే తెలుసు.

లైబ్రరీ_బెంచీ
కొబ్బరి గారూ, ఆ ఒక్కటీ ఎవరు చెప్పారో వాళ్ల పేరుతో సహా రాసి పెట్టండి. ఇంకో తరం దాటితే అదీ ఉండదు.

గోగునార
అందరికీ ఒకేసారి చెప్తున్నాను. కాలవ గారు చెప్పినట్టు వస్తువులు పట్టుకున్నాను. మా ఇంట్లో అటక మీద పాత ఇత్తడి కేరేజీ ఉంది. దింపి నాన్న ముందు పెట్టాను.

చాలాసేపు మాట్లాడారు. మా నానమ్మ మిల్లు లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ల వరసల్లో, పెళ్లికాని వాళ్లకి, ఊరు నుంచి ఒంటరిగా వచ్చినవాళ్లకి వండి కేరేజీలు పంపేదట. పక్షం జీతాల రోజున డబ్బులిచ్చేవారట. కొందరు ఎగ్గొట్టేవారట. మధ్యాహ్నం మిల్లు కూత పడకముందే అన్నీ గేటు దగ్గరకి చేరాలి, అందుకని మా నాన్న బడిలోంచి గోడ దూకి వచ్చి కొన్ని కేరేజీలు మోసేవారట. మాస్టారు కొట్టడం, వెనక వరసలో కూర్చోబెట్టడం, చివరికి మానెయ్యడం. చదువు ఆగింది అందుకు! ఇన్నేళ్లూ నేను ఆయనకి చదువు అబ్బలేదు అనుకున్నాను, ఆయనా అలాగే చెప్పేవారు.

"మరి ఇది పనే కదా నాన్నా, మిల్లు కంటే ముందే మీరు పనిలో ఉన్నారు కదా, ఎందుకు రాయలేదు?" అన్నాను. "అది పనేటి? అమ్మెనకాల ఎల్లడమే కదా" అన్నారు. పని అంటే ఆయనకి టోకెన్ నంబరు ఉన్నదే.

అన్నం ఏం పంపేవారు అంటే చోడి (రాగి) అంబలి, పొద్దున్న తరవాణి ఇంట్లోవాళ్లకి, వరన్నం కేరేజీల్లోకి. ఇంట్లో వండిన వరన్నం ఇంట్లో పిల్లలు తినకూడదు. మిగిలితేనే. ఈ ముక్క చెప్పి నాన్న లేచి వెళ్లిపోయారు, మళ్లీ పొద్దున్న వచ్చి "ఇది రాసుకో" అన్నారు.

పొందూరు_నూలు
చదివి ఏడుపొచ్చింది. నానమ్మ గారి పేరు రాయండి పుస్తకంలో, పూర్తి పేరు, ఇంటిపేరుతో.

నాగావళి_గట్టు
ఇది ఆయన చెప్పింది కాబట్టి ఆయన పుస్తకంలోనే ఉండాలి. నువ్వు చేర్చడం వేరు, ఆయన చేర్చడం వేరు. అడిగితే చెప్పేవాళ్లని మనం అడగకుండా, నోరు లేదు అనుకుంటున్నాం.

మూడో_మెట్టు
చాలా పుస్తకాల్లో మొదటి పని ఏది అంటే జీతం వచ్చిన పని చెప్తారు. దాని ముందున్న నీళ్లు మోయడం, పేడ ఎత్తడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం, కేరేజీ మోయడం లెక్కలోకి రావు. ఆడపిల్లలకైతే జీవితమంతా ఆ లెక్కలోకి రాని పనే.

సాలూరు_ఘాటు
మా అప్పకి ఫోన్ చేశాను. మొదట నవ్వింది. తర్వాత చెప్పడం మొదలెట్టింది. పలాస చెల్లెమ్మకి చెప్పాలనిపించింది. బడి మానిపించినప్పుడు పలక ఏం చేశారో కూడా గుర్తుంది ఆవిడకి. నాకిచ్చారట. ఇంతకంటే ఇక్కడ రాయలేను.

పలాస_పిల్ల
రాయక్కర్లేదు అన్నా. విన్నారు, చాలు.

గోగునార
ఇప్పుడు కొత్త గొడవ. అమ్మకి చదవడం రాదు, అందుకని నాన్న రాసింది నేను పైకి చదివి వినిపిస్తున్నాను. అడుగడుక్కీ దిద్దుతోంది. లాకౌట్ దసరాకి ముందే ఎత్తేశారని నాన్న రాశారు. కాదు, పైడితల్లమ్మ సిరిమాను అయిపోయాకే ఎత్తారు, ఆ పండక్కి పిల్లలకి బట్టలు లేవు, విస్తర్లు సంతకి పట్టుకెళ్లి అమ్మి పెద్దదానికి మాత్రం గౌను కొన్నాను అంటోంది. నాన్న ఒప్పుకోవడం లేదు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్.

తోటపల్లి_కాలవ
పీఎఫ్ స్లిప్పులు, ఈఎస్ఐ పుస్తకం చూడండి. లాకౌట్ నెలల్లో చందా పడదు. జిల్లా గ్రంథాలయంలో పాత పేపర్లు కూడా దొరకొచ్చు.

లైబ్రరీ_బెంచీ
తేదీ తేల్చండి, కానీ తప్పు తేలిన మాట తీసెయ్యకండి. మీ నాన్నకి లాకౌట్ ముగిసిన రోజు ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు కావచ్చు. మీ అమ్మకి మొదటి జీతం ఇంటికొచ్చిన రోజు. రెండూ రాయండి.

గోగునార
ఇది నాకు తట్టలేదు. అడుగుతాను.

రాజాం_కుర్రోడు
పుస్తకం మీద పేరు ఎవరిది వేస్తున్నారు?

గోగునార
గట్టు గారు చెప్పినట్టు నాన్న భాగం నాన్నది, తర్వాత అమ్మ చెప్పిన భాగం అమ్మ మాటల్లోనే. పైన ఇద్దరి పేర్లూ. నాన్న వెంటనే ఒప్పుకున్నారు. అమ్మే ఒప్పుకోవడం లేదు. ఆ నెలల్లో బియ్యం అరువిచ్చినవాళ్ల పేర్లు, ఇవ్వనివాళ్ల పేర్లు అన్నీ చెప్పింది. ఇవ్వనివాళ్ల పిల్లలు ఇప్పుడూ అదే వీధిలో ఉన్నారు, వాళ్లు తలొంచుకోకూడదు అంటోంది.

కళింగపట్నం_గాలి
మా అమ్మ మాట కూడా ఇదే.

పలాస_పిల్ల
ఇవ్వనివాళ్ల పేర్లు తీసేసి ఇచ్చినవాళ్ల పేర్లు ఉంచమనండి. అప్పుడు ఒప్పుకుంటారేమో.

గోగునార
అడిగాను. "ఇచ్చినోళ్లయి ఉంచు. కొలతతో సహా రాయి, ఎవులు ఎన్ని సేర్లిచ్చారో నాకు గేపకముంది" అంటోంది. ఆదివారం కూర్చుంటున్నాం.